అందరి ఫారంలోనూ ఒకే అక్క

మా మరిది చదివేది చుక్కల, గీతల లెక్కలు. అమెరికాలో, అరోరా ఊళ్లో మా ఇంట్లోనే ఉండి యూనివర్సిటీకి వెళ్లొస్తాడు. ఒక ఆదివారం డైనింగ్ టేబుల్ మీద కాగితం పెట్టి, "వదినా, మీ అపార్ట్‌మెంట్స్ వాళ్లందరికీ తలో చుక్క పెట్టు. కష్టమొస్తే ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారో గీత గియ్యి" అన్నాడు.

మేం ఆరు కుటుంబాలం. గీతలన్నీ ఏడో చుక్క దగ్గరికే వెళ్లాయి. ఆ చుక్క మేమందరం అక్కా అని పిలిచే ఆవిడ. పగలు ఇంట్లో ఉండి, కారు నడపగలిగేది ఆవిడొక్కతే. అందుకే స్కూల్ ఫారంలో ఎమర్జెన్సీ కాంటాక్ట్ అన్నచోట అందరం ఆవిడ నంబరే రాసేశాం.

మరిది లాప్‌టాప్‌లో ఏదో కొట్టాడు. "ఐగెన్ వాల్యూ అని, బొమ్మ ఎంత గట్టిదో చెప్పే నంబర్. మీకు 1 వచ్చింది. అది పెద్దదైతే చాలా చుక్కలు తీస్తేగానీ బొమ్మ తెగదు. మీది అలా కాదు. అక్కని తీసేస్తే ఆరు ముక్కలు. ఒక్క చుక్కకి ఆరు ముక్కలంటే టఫ్‌నెస్ ఆరోవంతే!"

"ఆవిడెక్కడికి పోతుందిరా? పులిహోర చల్లారిపోతోంది, తిను."

ఆ గురువారమే మధ్యాహ్నానికి మంచు ముంచేసింది. స్కూల్ నుంచి మెసేజ్: బస్సులు నడపడం లేదు, పిల్లల్ని తీసుకెళ్లండి. మా ఆయన ఫ్లైట్‌లో ఉన్నారు, మరిది ఫోన్ తీయలేదు. అక్కకి చేశాను. స్విచాఫ్. మళ్లీ చేశాను. ఆరో ఏడో సారీ అంతే. ఆరు ముక్కలు అన్న మాటే చెవిలో మోగుతోంది.

చెప్పులు మార్చకుండానే స్కూల్‌కి పరుగెత్తాను. దారి కనబడలేదు. మా పాప బయట నిలబడి ఉంటుందేమో, ఎవరి కారైనా ఎక్కేస్తుందేమో అనుకుంటూ ఏడ్చుకుంటూ నడిచాను.

ఆఫీసు బెంచీ మీద మా ఆరిళ్ల పిల్లలూ వరసగా కూర్చునున్నారు. అక్కడి ఆవిడ ఆరు ఫారాలు చూపించి, "అన్నిట్లో ఒకటే నంబర్. ఎత్తడం లేదు" అంది ఇంగ్లీషులో. పాపని గట్టిగా పట్టుకున్నాను.

నా వెనకే ఒకావిడ రొప్పుతూ వచ్చింది. మా ఆరిళ్లలోనే, మా పై ఫ్లోర్. ఏడాదిగా అక్క ఇంట్లో చూసి నవ్వుకోవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు.

"అక్క పన్ను పీకించుకోవడానికెళ్లిందట! నాకు గుండె ఆగిపోయిందండీ."

"మీ నంబర్ ఇవ్వండి ముందు" అన్నాను.

సాయంత్రం మరిది కాగితం తీసి, నా చుక్కకీ ఆవిడ చుక్కకీ మధ్య గీత గీశాను.

"ఇప్పుడు అక్కని తీస్తే అయిదు ముక్కలే" అన్నాడు మరిది. "కానీ ఆ ఐగెన్ వాల్యూ మాత్రం ఇంకా 1 దగ్గరే ఉంది వదినా."

కాళ్లింకా చల్లగానే ఉన్నాయి. అక్కకి ఫోన్ చేసి మూడో ఇంటావిడ నంబర్ అడిగాను.