నాలుక మానింది, మెడలో గడ్డ తేలింది

ఆ మధ్యాహ్నం మా బట్టల దుకాణంలో టిఫిన్ విప్పి, మామిడికాయ తొక్కు కలిపిన అన్నం నోట్లో పెట్టుకోగానే నాలుక ఎడమ అంచు భగ్గుమంది. అద్దంలో చూస్తే చిన్న తెల్లటి పుండు. విరిగిన పన్ను గీసుకుందనుకున్నాను. నెల దాటినా మానలేదు.

మా ఊరు సిరొంచలో, తర్వాత వరంగల్‌లో, ఏ డాక్టర్‌ను కలిసినా మొదటి ప్రశ్న ఒకటే: "ఖర్రా తింటవా?" పొగాకు, వక్క కలిపి నమిలే ఆ ఖర్రా నేనెన్నడూ ముట్టలేదు. చెబితే నమ్మనట్టు చూసేవారు. ఒక నర్సు మా ఆయనను పక్కకు పిలిచి మళ్ళీ అడిగింది. బయాప్సీలో క్యాన్సర్ అని తేలినప్పటికన్నా అప్పుడే ఎక్కువ మండింది నాకు.

నాలుకలో కొంత, మెడ ఎడమవైపు నోడ్స్ అనే చిన్న గ్రంథులు తీసేశారు. "మార్జిన్స్ క్లియర్. రేడియేషన్ అక్కర్లేదు. చెకప్‌కు మాత్రం తప్పకుండా రావాలమ్మా" అన్నారు సర్జన్. చుట్టాలకు క్లియర్ అన్న మాటొక్కటే వినబడింది.

వానాకాలంలో ఒక పొద్దున జడ వేసుకుంటుంటే కుడి దవడ కింద గోలీ అంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. మా ఊరి డాక్టర్ నొక్కి చూసి, పంటి వాపని యాంటీబయాటిక్స్ రాశారు. ఆ కోర్సు అయ్యాక ఇంకో కోర్సు. గడ్డ పెరిగింది.

వరంగల్ పోదామంటే మా ఆయన రాజేశం ఒప్పుకోలేదు.

"అంత తీసేసిండ్రు గద. వచ్చే నెల చెకప్ ఉండనే ఉన్నది. ఇప్పుడెందుకు పరేషాన్ అయితవు?"

"మెడ నాది. నువ్వు రాకుంటే నేనే బస్సెక్కుత."

ఆయన దుకాణం షట్టర్ దించి వెంట వచ్చాడు.

గడ్డలోంచి సూదితో కణాలు తీసి పరీక్షించే ఎఫ్ఎన్ఏసీ చేశారు. రికరెన్స్, అంటే క్యాన్సర్ మళ్ళీ వచ్చింది అన్నారు.

"క్లియర్ అన్నరు గద సార్, మరెట్ల వచ్చింది?" కోపంగానే అడిగాను.

సర్జన్ మాట దాటేయలేదు. "మేం తీసిన ముక్క అంచుల్లో లేదని అర్థమమ్మా, ఒంట్లోనే లేదని కాదు. స్కాన్‌కు కూడా దొరకనంత చిన్న కణాలు అప్పటికే మెడకు చేరి ఉండొచ్చు. నాలుక నుంచి రెండు వైపులకూ దారులుంటాయి."

ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే పంటి వాపు మందులు మింగుతూ కూర్చునేదాన్ని కాదు.

మళ్ళీ ఆపరేషన్, ఈసారి రేడియేషన్, కీమో. నోరంతా పుళ్ళు. మింగలేకపోతే ముక్కులోంచి ట్యూబ్ వేసి జావ పోశారు.

ఇప్పుడు దుకాణంలో కూర్చుంటున్నాను. ఉమ్ము ఊరదు, ముద్దముద్దకూ నీళ్ళు తాగాలి. మాట మొద్దుగా వస్తుంది. గిరాకీ వాళ్ళు "ఏందక్కా, మళ్ళ చెప్పు" అంటే విసుగొస్తుంది, అయినా చెబుతాను. మొన్నటి స్కాన్‌లో ఏమీ కనిపించలేదు. "ఇగ బాధ పోయింది వదినా" అంది మా ఆడబిడ్డ. "ఇప్పటికైతే కనవడ్తలేదు, గంతే" అన్నాను.

చికిత్స అయినవాళ్ళకు ఒక్కటే చెబుతాను. స్నానం చేసేటప్పుడు మెడ రెండు వైపులా, దవడ కింద వేళ్ళతో తడుముకోండి. కొత్తగా గడ్డ తగిలితే, నొప్పి లేకపోయినా, ఇంట్లోవాళ్ళు వద్దన్నా, చెకప్ తేదీ దాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన డాక్టర్‌కే చూపించండి.