లినెట్ కళ్లు

వెండెల్ క్రౌస్ తండ్రి బోర్డులు రాసేవాడు. శాన్ ఫ్రాన్సిస్కో మిషన్ పేటలో ఆయన చెయ్యి పడని కొట్టు అద్దం లేదు. ఆయనది ఒకటే మాట: "కదిలే బస్సులో కూచున్నవాడు చదవలేకపోతే అది అక్షరం కాదురా, మరక." కొడుకు ఆ మాటను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసి, కుర్రకారు చేరే హెయిట్ వీధికి మకాం మార్చి, పాటకచేరీలకు పోస్టర్లు వేయడం మొదలుపెట్టాడు.

అతని అక్షరాలు ఎండలో పెట్టిన వెన్నలా కరిగి ఒకదాని ఒళ్లోకి ఒకటి జారేవి. ఎరుపు పక్కనే నీలం పెట్టి చూసేవాడి తల తిప్పేవాడు. ముప్పై దాటినవాళ్లకు ఒక్క ముక్క కూడా అర్థం కాకూడదు, అదే ఆ వీధి గొప్ప. "రావాల్సినవాడు నిలబడి చదువుకుంటాడు. చదవలేనివాడు రానక్కర్లేదు" అనేవాడు వెండెల్. వయసు పొగరు, ఇంకేముంది!

1967 వేసవిలో ఇల్లొదిలి పారిపోయి వచ్చిన పిల్లలతో వీధి కిటకిటలాడింది. వాళ్లను వెతుక్కుంటూ కన్నవాళ్లు వచ్చారు. ఇర్మా టోలెఫ్సన్ నెబ్రాస్కా నుంచి అలా వచ్చినదే. కూతురు లినెట్‌తో గొడవపడి, "గడప దాటావంటే మళ్లీ నాకు మొహం చూపించకు" అంది. ఆ పిల్ల పంతానికి దాటేసింది. ఇర్మా కూతురి ఫొటోతో స్తంభాలకు అచ్చు కాగితాలు అంటిస్తే, పోలీసుల పనేనని పిల్లలు చించి పారేశారు. వెండెల్ పోస్టర్ల ముందు మాత్రం గుంపులుగా నిలబడుతున్నారు. అది చూసి ఆమె ఫొటో పట్టుకుని అతని గదికి వచ్చింది.

"నీ బొమ్మలైతే చూస్తారు బాబూ. నా బిడ్డను నీ బొమ్మలో పెట్టు. అమ్మకు కోపం లేదని రాయి, చాలు."

వెండెల్‌కు జాలేసింది. తన విద్యంతా ఆ కాగితం మీద పోశాడు. కాగితం నిండా లినెట్ మొహం, అలలుగా లేచిన జుట్టు. ఆ జుట్టులో ఎర్రటి పాయలుగా అక్షరాలు: 'లినెట్, మీ అమ్మకు కోపం లేదు. కోల్ వీధి మూల మేడ మీద ఉంది. రా.' తెరిచిన కళ్లు ఎరుపులో వేశాడు, వాటి మీదే మూసిన రెప్పలు నీలంలో వేశాడు. ఆ వీధి గదుల్లో ఎర్ర, నీలం బల్బులు ఒకటి మార్చి ఒకటి వెలుగుతుంటాయి కదా, నీలం వెలుతురులో కళ్లు తెరుస్తుంది, ఎర్ర వెలుతురులో మూస్తుంది. అంతకంటే మంచి పోస్టరు అతను ముందూ వేయలేదు, తర్వాతా వేయలేదు.

పొద్దున అంటిస్తే మధ్యాహ్నానికి ఒక్కటీ మిగల్లేదు. మళ్లీ అంటించారు, మళ్లీ మాయం. నచ్చిన పోస్టరును ఒలుచుకుపోయి గదిలో పెట్టుకోవడం అక్కడివాళ్ల అలవాటు.

"ఈ పిల్లను చూశారా?" అని ఇర్మా ఫొటో చూపిస్తే, ఒక గడ్డం కుర్రాడు మొహమంతా నవ్వాడు. "చూడకపోవడమేంటి! మా ఇంట్లోనే ఉంది, రా."

ఆమె మెట్లన్నీ పరుగున ఎక్కింది. చీకటి గదిలో గోడ మీద కూతురు కళ్లు తెరిచింది, మూసింది, తెరిచింది. పక్కింట్లోనూ అంతే. ఆ పక్కింట్లోనూ అంతే. ఊరంతా తన బిడ్డే, బిడ్డ మాత్రం లేదు.

"జుట్టులో ఏం రాసుందో చదివారా నాయనా?"

"చదవడమెందుకమ్మా? కూచుని చూడు. కాసేపటికి తనే నీతో మాట్లాడుతుంది."

ఇర్మా వెండెల్ దగ్గరికి వచ్చి ఒకటే అడిగింది. "ఫొటోలో కళ్లు తెరిచే ఉన్నాయి కదా. నా బిడ్డ కళ్లెందుకు మూశావు బాబూ?"

వెండెల్ కుంచె పక్కన పెట్టేశాడు. ఆ రోజు నుంచి ఆమె వెంట తనూ ఇల్లిల్లూ తిరిగాడు. చివరికి ఒక మేడ గదిలో ఫెర్న్ అనే అమ్మాయి ఫొటో చూసి నోరు నొక్కుకుంది.

"ఇది బొమ్మ కాదు, మనిషే! ఈ చాప మీదే పడుకునేది. 'ఇది అచ్చం నాలాగే ఉందే, జుట్టులో ఏం రాశారే?' అని వచ్చినవాళ్లనల్లా అడిగేది. మాకెవరికి చదవడం వచ్చి చచ్చింది? ఏదో కచేరీలే అన్నాం. పోయిన వారం ఎవరిదో ట్రక్కెక్కి వెళ్లిపోయింది."

"ఎక్కడికి?"

"ఉత్తరానికి అంది. ఆ ట్రక్కువాడెవడో మాకు తెలీదు."

చాపకు ఎదురుగా గోడ మీద లినెట్ ఉంది. ఆ గదిలో నీలం బల్బు మాడిపోయి చాలా రోజులైందట, ఎర్రదే వెలుగుతోంది. కళ్లు మూసే ఉన్నాయి.

"నువ్వు చదువు బాబూ," అంది ఇర్మా.

వెండెల్ జుట్టు పాయల మీద వేలు పెట్టాడు. ఎర్ర అక్షరాలు ఎర్ర వెలుతురులో కలిసిపోయాయి. రాసినవాడికే అక్కడ ఏమీ కనపడలేదు.

"నాకూ రావడం లేదమ్మా," అని ఏడ్చాడు.

లినెట్ ఆ తర్వాత ఎవరికీ కనపడలేదు. ఇర్మా ఊరికి వెళ్లిపోయింది. వెండెల్ తన తండ్రి కొట్టుకు తిరిగొచ్చి, బతికినన్నాళ్లూ మాంసం దుకాణాలకు బోర్డులు రాశాడు. తన కొట్టు అద్దం మీద మాత్రం తెలుపు మీద నలుపుతో, జానెడు అక్షరాలతో ఒకే వాక్యం: 'లినెట్, మీ అమ్మకు కోపం లేదు.'

ఏటా క్రిస్మస్‌కు ఇర్మా ఫోన్ చేసేది. "బస్సులోంచి కనపడుతోందా బాబూ?"

"కనపడుతోందమ్మా."

పొగమంచు కమ్మిన సాయంత్రాలు బస్సు ఎదురుగా ఆగినప్పుడు, కిటికీ పక్కన ఏ ఆడపిల్లైనా కళ్లు మూసుకుని కునుకు తీస్తుంటే, వెండెల్ కుంచె పడేసి రోడ్డు మీదికి పరిగెత్తి ఆ బస్సు కిటికీ మీద తట్టేవాడు.