ఎలెండ్ అన్న మాట

మా అబ్బాయి జర్మన్ నేర్చుకుంటున్నాడు. అక్కడ ఆసుపత్రిలో పని దొరికితే పటాలంలో చేరమన్న పిలుపు తప్పించుకోవచ్చని మా ఆశ. రంగూన్‌లో ఈ వయసు కుర్రాడు వీధిలోకి వెళ్తే పటాలం వాళ్ళు పట్టుకుపోకుండా తిరిగొస్తాడన్న నమ్మకం లేదు. అందుకే ఇల్లు కదలనివ్వను. కరెంటు ఉన్నప్పుడు ఫోనులో పాఠం, లేనప్పుడు అదంతా నాకు అప్పజెప్పడం.

ఓ మధ్యాహ్నం 'ఎలెండ్' అన్న మాట చెప్పాడు. తీరని కష్టం అని అర్థమట. డచ్చివాళ్ళకీ, డెన్మార్క్ వాళ్ళకీ, స్వీడన్ వాళ్ళకీ కూడా కాస్త మార్పుతో ఇదే మాట ఉందట. మొదట్లో దానికర్థం 'వేరే నేల' అని మాత్రమే. ఊరు వెలేసినవాడికి పరాయి నేల మీద దిక్కెవరు? అలా ఆ నేల పేరే కష్టానికి పేరైందట.

"అంత తెలిసీ నిన్ను రమ్మంతన్నారేట్రా ఆళ్ళు?" అంది మా అత్తగారు. ఆవిడ మామగారు ఇక్కడి రేవులో బస్తాలు మోయడానికి శ్రీకాకుళం నుంచి వచ్చినవాడు. నాకు ఒళ్ళు మండింది. కష్టమైతే పడనీ, ఎక్కడో ఒకచోట నా కొడుకు బతికుంటే చాలు.

అంతలో సందు మొదట్లో పటాలం లారీ ఆగింది. అలాంటప్పుడు ముందు చూసినవాళ్ళు తెలుగులో కేకెయ్యడం మా సందులో అలవాటు. వచ్చినవాళ్ళకు అర్థం కాదని మా ధీమా. అత్తగారు గుమ్మంలోకెళ్ళి, "ఒచ్చినారర్రా! కుర్రోల్లని అటకెక్కించండి!" అని అరిచింది. మావాడు అటకెక్కాడు. నేను చేట పట్టుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. బియ్యం చెరుగుతున్నట్టు నటించాను.

తుపాకీ పట్టుకున్న కుర్రాడొకడు మా ముందు ఆగాడు. మీసాలింకా సరిగా రాలేదు. అత్తగారిని చూశాడు, తలెత్తి అటకని చూశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వాడు వెనక్కి తిరిగి, ఇంట్లో ఆడవాళ్ళే ఉన్నారని తనవాళ్ళకి బర్మీస్‌లో చెప్పాడు. తర్వాత బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగాడు.

"మామ్మా, అలగ అరవకు. మాలోన కూడా మనోల్లున్నారు. మాది అహ్లోన్. బతికే ఉన్నానని మాయమ్మకి సెప్పవా?"

అహ్లోన్ ఈ రంగూన్‌లోనే ఓ పేట. పుట్టిన ఊళ్ళోనే, తల్లి ఇంటికి బస్సు దూరంలో, వాడు పరాయి నేల మీద నిలబడి ఉన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ఎవరి అబ్బాయివి నాయనా అని అడగడానికి నోరు పెగిలేసరికి లారీ వెళ్ళిపోయింది. మనవణ్ణి దిగమనడం కూడా మరిచిపోయి, అత్తగారు నా చెయ్యి పట్టుకుంది.

"ఏ ఇల్లని ఎతుకుతామే?" అంది.