నీళ్ళ క్యాన్లకు సీటు బెల్టు

భయం కూడా మనిషితో పాటు ముసలిదవుతుందని ఇప్పుడు తెలిసింది గానీ, అప్పట్లో నా భయం మంచి పడుచుది, నాకన్నా బలమైనది. నాకు ముప్పై మూడేళ్ళు. ఖిలా వరంగల్‌లో కోట గోడ పక్కన ఐదు బర్రెలు, ముగ్గురు పిల్లలు, ఒక అత్త, మరిది, మరిది భార్య. నా మగడు పోయి రెండేళ్ళు. (ఎలా పోయాడో ఒక్కసారే చెబుతాను, మళ్ళీ అడగొద్దు. ములుగు దారిలో, కిక్కిరిసిన ఆటోలో డ్రైవరు పక్కన సగం సీటు మీద కూర్చుని పోతుంటే ఒక గుంత దగ్గర ఆటో ఎగిరింది. ఆయన పడ్డాడు. మిగతా వాళ్ళలో ఎవరికీ గీత కూడా పడలేదు.) అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు గడప దాటినా నేను తలలు లెక్కపెట్టేదాన్ని. ములుగులో మా పుట్టింటికి పోవాలంటే అందరినీ ఒకే బస్సు ఎక్కనిచ్చేదాన్ని కాదు. అత్త, పెద్దబిడ్డ ముందు బస్సు. నేను, చిన్నోడు తరవాతి బస్సు. మరిది, ఆయన భార్య, నడిపి బిడ్డ ఆ పైది. ఒక బస్సుకు ఏదైనా అయితే ఇంకో బస్సులోనైనా కొందరు మిగులుతారని నా లెక్క. ఈ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు. అత్తకు చెప్పకుండానే తెలుసు. తెలిసినా ఊరుకునే మనిషి కాదు.

"ఓ పిల్లా, ఒక పెండ్లికి మూడు బస్సులల్ల పోతే, మనం అందరం కూడేటాల్లకు పెండ్లిపిల్లకు నెలలు నిండుతయే!" అనేది.

నవ్వేవాళ్ళు నవ్వారు, నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. అప్పుడే మరిది ఒక మాట తెచ్చాడు. మిర్చి యార్డులో ట్రాలీ ఆటో నడిపేవాడు, బండి కనిపిస్తే కళ్ళు అక్కడే అతికించుకునే రకం. "వదినె, హన్మకొండల ఒక లెక్కల సారు ఏడు సీట్ల బండి అమ్ముతాండట. మూడు వరుసలు. మన ఇంట్ల సరిగ్గ ఏడుగురం. ఎవల సీటు వాళ్ళకు, ఎవల బెల్టు వాళ్ళకు. నువ్వు ఫికర్ జెయ్యుడు బందువెడ్తవు" అన్నాడు. ఆ మాట వినగానే నా కడుపులో చల్లగా అయింది, ఆ వెంటనే మంట మొదలైంది. ఏడుగురం ఒకే బండిలో అంటే ఏడుగురి ప్రాణం ఒకే బండిలో అన్నట్టే కదా! పాతబండి. ఎవరో వాడి వదిలేసిన బండి. రెండు బర్రెలు అమ్మి నా చేతులతో నేను తెచ్చిన బండే నా పిల్లలను మింగితే నేను ఎవరిని తిట్టాలి?

బండి గురించి నాకు ఏమీ తెలియదు. సంతకం పెట్టడానికే మూడు అక్షరాలు నేర్చుకున్న దాన్ని. కానీ బర్రెను కొనడం తెలుసు. మా నాయన ఒక మాట చెప్పేవాడు, మూడు పూటలు చూడనిదే బర్రె తాడు పట్టుకోవద్దని. మొదటి పూట కంటితో, రెండో పూట చేత్తో, మూడో పూట నడిపించి. ఎందుకంటే బేరగాడు ముందు పూట పాలు పిండకుండా ఆపుతాడు, పొదుగు కుండలా కనిపిస్తుంది, మనం మురిసిపోయి తోలుకొస్తాం, మర్నాడు చెంబెడు కూడా రావు. నేనూ మూడు పూటలు చూస్తానన్నాను. మరిది నెత్తి కొట్టుకున్నాడు గానీ కాదనలేదు.

మొదటి పూట సాయంత్రం పోయాం. సారు సన్నగా, బోర్డు మీద రాస్తున్నట్టు ఆగి ఆగి మాట్లాడే మనిషి. బండి తళతళలాడుతోంది. నేను చుట్టూ రెండుసార్లు తిరిగాను.

"ఎన్నో ఈతది సారూ?" అన్నాను.

సారు మరిది వైపు చూశాడు. "ఎన్ని చేతులు మారిందని అడుగుతాంది సార్" అన్నాడు మరిది, నేల చూస్తూ.

"నేను రెండో ఓనర్‌నమ్మా. కండిషన్ ఫస్ట్ క్లాస్."

నేను వంగి టైర్లు చూశాను. మూడు కొత్తవి, ఒకటి ముసలిది. తలుపు తీయించి కాళ్ళ దగ్గర చూశాను. నడిమి పెడల్ మీది రబ్బరు అరిగి ఇనుము కనిపిస్తోంది. "మీటర్ల సూస్తే తక్కువ తిరిగిందంటాండు మా మరిది. మరి గిట్ట గింతగనం ఎందుకరిగింది సారూ?" అన్నాను. జవాబు గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య చెప్పింది. "అది బ్రేకమ్మా. ఈయన ఎప్పుడు దాని మీదనే నిలబడ్తడు. మొన్న సైకిల్ మీద పాలాయన సుత మమ్ములను దాటిపోయిండు."

సారు ముఖం ఎర్రబడింది. నాకు మాత్రం ఆ మనిషి మీద అప్పుడే నమ్మకం కుదిరింది. భయపడేవాడి చేతిలో పెరిగిన బండి! బర్రె కూడా అంతే, అదిలించి కొట్టే ఇంట్లో పెరిగింది తంతుంది, మెల్లగా పిలిచే ఇంట్లో పెరిగింది పాలు చేపుతుంది. అయినా సంతోషం బయట పడనివ్వలేదు. బేరంలో ముఖం ఎండిన పిడకలా ఉండాలి.

రెండో పూట చెప్పకుండా పోయాను. చలికాలం, ఇంకా మంచు వీడలేదు. పాలు పోసి వస్తూ వస్తూ సారు గేటు తీసి బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. అప్పుడే పిండిన పాలంత వెచ్చన. నా గుండె జారింది, ఆ వెనకే నోరు కూడా జారింది. "సారూ! బైటికి రాండ్రి! పాలు ఆపిన బర్రెను సూపిస్తాండ్రా నాకు? ముగ్గురు పిల్లల తల్లిని, మగడు లేనిదాన్ని, నన్ను మోసం జేస్తరా?" అని వాకిట్లో నిలబడి అరిచాను. పక్కిళ్ళ వాళ్ళు బ్రష్షులు నోట్లో పెట్టుకుని గోడల మీద నుంచి చూశారు. సారు లుంగీ సర్దుకుంటూ వచ్చి, "అమ్మా, అమ్మా, మెల్లగ. పాలు తేనీకి పోయొచ్చిన" అన్నాడు. పాలమ్మేదానితో చెప్పాల్సిన అబద్ధం కాదది. ఆ పక్క వాడలో పాలు పోసేది నేనే, అక్కడ పాలు గడప దగ్గరికే వస్తాయని నాకు తెలియదా!

"రేపు పొద్దుగాల నేను సూసేదాక దీనికి తాళం తిప్పొద్దు" అని చెప్పి వచ్చాను. చెప్పానన్న మాటే గానీ ఎట్లా నమ్మడం? మర్నాడు తెల్లవారకముందే మరిది ఆటోలో అత్తను పంపాను. గొంగడి కప్పుకుని, చుట్ట వెలిగించి, ఆ ముసలిది సారు గేటు ముందు కావలి కూర్చుంది. పాలు పోసి నేను పోయేసరికి గేటు ముందు ఎవరూ లేరు. గేటు తోసుకుని లోపలికి పోయాను. చూస్తే అత్త లోపల, సారు భార్య పక్కన, బిస్కెట్లు చాయ్‌లో ముంచుకుని తింటూ నా పుట్టుపూర్వోత్తరాలన్నీ చెబుతోంది. "మా కోడలు మంచిదే. ఉత్త పిరికిది. బర్రెకు జలుబు జేస్తె తను మందు మింగుతది" అంటోంది. (ఇది నిజం కాదు. ఒక్కసారే మింగాను, అదీ చేదుగా ఉందో లేదో చూడటానికి.)

బానెట్ మంచుముద్దలా చల్లగా ఉంది. సారు తాళం తిప్పాడు. బండి దగ్గింది, ఆగింది. మళ్ళీ దగ్గింది. మూడోసారికి నల్లటి పొగ ఒకటి వదిలి లేచి నిలబడింది. సారు తల వంచుకున్నాడు. "చలికి గట్ల జేస్తదమ్మా. హీటర్ ప్లగ్గులు పోయినయ్. చెప్తె ఎవ్వలు కొనరని ముందుగాల్నే వేడి జేసిన. మార్పిచ్చే ఇస్తా" అన్నాడు. తప్పు ఒప్పుకున్న వాణ్ణి ఇంకేం తిడతాం? పైగా ఇంజన్ గురించి ఏమీ తెలియని నేను చేతి వేడితో దొంగను పట్టానని లోపల గర్వం కూడా వచ్చింది. ఆ గర్వమే మూడో పూట నన్ను నానబెట్టింది.

మూడో పూట అంటే నడిపించి చూడటం, అదీ పూర్తి బరువుతో. ఏడుగురూ ఎక్కితేనే కదా ఎత్తులో మూలుగుతుందో, మలుపులో తూలుతుందో తెలిసేది. కానీ పరీక్ష కాని బండిలో పిల్లలను ఎట్లా ఎక్కిస్తాను? రాత్రంతా ఆలోచించాను. తెల్లారి పాలు పిండుతుంటే దారి దొరికింది. క్యాన్లు! నా పిల్లలను నేను ఎత్తుకుంటాను, క్యాన్లనూ ఎత్తుకుంటాను, ఏది ఎంత బరువో నా నడుముకు తెలుసు. పెద్దది నలభై లీటర్లు, నడిపిది ముప్పై, చిన్నోడు ఇరవై. (నేను చెబుతుంటే ఇది రాస్తున్నది ఆ ముప్పై లీటర్లదే, నా నడిపి బిడ్డ. ఇప్పుడు ఎన్ని లీటర్లో అడిగితే కలం కింద పెడుతుంది.) మూడు క్యాన్ల నిండా నీళ్ళు పట్టి బండిలోకి ఎక్కించాను. సారు అడ్డు చెబుతాడనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "లీటర్ నీళ్ళు కిలో. కరెక్టే" అన్నాడు మెచ్చుకోలుగా.

మరిది భార్య మాత్రం, "నీళ్ళ క్యాన్లకు తోడు నేను రాను అక్కా, వాడల నా ఇజ్జత్ పోతది" అని ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె బదులు సారు ముందు సీట్లో, మరిది పక్కన. నడిమి వరుసలో అత్త, నలభై లీటర్లు, ముప్పై లీటర్లు. వెనక వరుసలో నేను, నా పక్కన ఇరవై లీటర్లు. అన్నింటికీ బెల్టులు పెట్టాను.

బండి మెత్తగానే పోయింది. నేను ఊపిరి బిగబట్టి ప్రతి చప్పుడూ విన్నాను. "గదేం సప్పుడు?" అంటే "నా పండ్లు, చలికి" అంది అత్త. నెక్కొండ దారిలో కొంత దూరం పోయి తిరిగి వస్తున్నాం. కోట రాతి దర్వాజా దగ్గర దారి పాములా రెండు మెలికలు తిరుగుతుంది. ఆటోలకైతే సులువే, ఈ బండి పొడుగు. ఎదురుగా మేకల మంద వచ్చింది. మరిది గట్టిగా తిప్పాడు, సారు అలవాటుగా లేని బ్రేకు తొక్కాడు, మరిది ఉన్న బ్రేకు తొక్కాడు. ఇరవై లీటర్ల క్యాన్ మూత ఎగిరి నీళ్ళన్నీ నా ఒళ్ళోకి వచ్చాయి. జనవరి చలిలో! నేను కేక పెట్టాను. అత్త, "ఆపురా, నా కడుపుల తిప్పుతాంది" అని ఇంకా పెద్ద కేక పెట్టింది. దర్వాజా దాటగానే చాయ్ హోటల్ ముందు బండి ఆగింది. మరిది దిగాడు, సారు దిగాడు, అత్త దిగి తలుపు ధడాలున వేసింది. ముగ్గురూ చాయ్ దగ్గరికి పోయారు. నేను మిగిలాను.

వెనక వరుసకు వేరే తలుపు లేదు. ముందున్న సీటు మడిస్తే దిగాలి. ఆ మడిచే సీటు మీదనే నలభై లీటర్ల క్యాన్ బెల్టు పెట్టుకుని కదలకుండా కూర్చుంది. నేనే పెట్టాను కదా! నెట్టాను. అరిచాను. నా పక్కన అద్దం కిందికి దిగేది కాదు. అద్దం అవతల మరిది సాసరులో చాయ్ ఊదుకుంటున్నాడు, నోరు కదులుతోంది, మాట వినిపించదు. నా ఊపిరితో అద్దం మసకబారింది. అప్పుడు పక్కన చూశాను. ఇరవై లీటర్ల క్యాన్ ఒక పక్కకు ఒరిగి, బెల్టుకు వేలాడుతోంది. అది క్యాన్ అని నాకు తెలుసు. అయినా దాన్ని రెండు చేతులతో లేపి నిలబెట్టి, పట్టుకుని ఏడ్చాను. ఇక్కడ కూర్చునేది నా చిన్నోడే కదా, వాడు అరిస్తే ఎవరికి వినిపిస్తుంది?

అక్కడ హోటల్ దగ్గర అత్త గ్లాసు నోటి దాకా తెచ్చి ఆగింది. వేలు చాపి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం అద్దంలోంచి చూశాను. రెండేళ్ళు నా లెక్కను ఎగతాళి చేసిన మనిషి. "ఒకరు తక్కువున్నరు!" అని ఆమె అరిచిన అరుపు మాత్రం ఆ మూసిన అద్దంలోంచి కూడా వినిపించింది. గ్లాసు పారేసి పరుగెత్తుకొచ్చి తలుపు తీసింది.

"ఏందే పిల్లా, క్యాన్లకు కావలి కూసున్నవా?" అంది. నా ముఖం చూసి లోపలికి వంగింది. తన కొంగుతో నా కళ్ళు తుడిచింది. "అయ్యో, పిల్లగాడు మొత్తం ఒలికిపోయిండే" అంది, ఖాళీ క్యాన్ చూసి. ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు.

సారు క్యాన్లు దింపించి, నడిమి సీటు వెనక ఉన్న ఒక నల్ల పట్టీ చూపించాడు. అది లాగితే వెనక కూర్చున్నవాళ్ళే సీటును ముందుకు మడిచి, చెయ్యి చాపి తలుపు తీసుకోవచ్చు. ఆయనతో మూడుసార్లు చేయించాను, నేను మూడుసార్లు చేశాను. ఆ తరవాతే బండి తీసుకున్నాను. ఇంటికి తెచ్చిన మర్నాటి నుంచి ప్రతి ఆదివారం వాకిట్లో పిల్లలను వెనక కూర్చోబెట్టి, నేను పది లెక్కపెట్టే లోపల దిగాలని పరీక్ష పెట్టేదాన్ని. చిన్నోడు ఎనిమిదికే దిగేవాడు. అత్త ఇరవై ఏడు. వాడకట్టంతా సినిమా చూసినట్టు చూసేది. ఆ ఎండాకాలం మేం ఏడుగురం ఒకే బండిలో ములుగు పోయాం.

ఇప్పుడు అత్త లేదు. బండి ఉంది, ముసలిదైపోయి చలికి మళ్ళీ దగ్గుతోంది. నలభై లీటర్లది నడుపుతుంది, చిన్నోడు చదువు మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. "అమ్మా, ముందల సీటు ఖాళీగనే ఉన్నది, రారాదే" అంటుంది పెద్దబిడ్డ అద్దంలోంచి చూసి. "నాకు ఈడనే మంచిగున్నది. నువ్వు బ్రేక్ మీద కాలుంచు" అంటాను. వెనక వరుసలో నల్ల పట్టీకి అందేటట్టు కూర్చుంటాను. క్యాన్‌కు బెల్టు పెట్టి, మెడ దగ్గర ఒరుసుకుంటుందేమోనని వేలు పెట్టి చూసిన అప్పటి నాలోని ఆ పిచ్చిది గుర్తొచ్చి నవ్వుకుంటాను. దానికి ఎంత భయమో, పాపం. కానీ దర్వాజా మెలిక రాగానే, ఖాళీగా ఉన్న పక్క సీటు మీదికి నా చెయ్యి దానంతటదే పోయి గట్టిగా పట్టుకుంటుంది.