ఎవ్‌లాంపియా మొక్కిన పునీతుడు

అసమాపక క్రియతో వాక్యాన్ని వదిలివేసిన విద్యార్థిని నా ఉద్యోగకాలంలో ఒక్కనాడూ క్షమించలేదు. చిత్రకారులకు ఆ బెడద లేదు. వారు సగం గీసి వదిలినదానిని 'స్టడీ' అంటారు. నూరేండ్లు గడిస్తే వేలంశాలవారు దానిని మఖమలు గుడ్డపై నిలబెడతారు.

వోల్గా రేవులో టిక్కెట్లు చించుతూ ముసలిదైన మా పొరుగింటి ఎవ్‌లాంపియా తీఖనొవ్‌నాకు ఈ సంగతి తెలియదు. ఆమె ఇంట, పొయ్యికి ఎదుటి మూలలో, పునీతుల పటాల నడుమ గడ్డమున్న ఒక తైలవర్ణపు ముఖం ఉండేది. పునీత నికొలాయ్ అని ముత్తవ్వ చెప్పింది, ఊరు నమ్మింది. దీపపు మసి పేరుకొన్నకొద్దీ పవిత్రత పెరిగింది. ఫాదరుగారు సైతం పండుగపూట మంత్రజలం చల్లిపోయేవారు. భర్త ప్రోహర్ తాగుడు మానాలని ఆమె మోకరిల్లినది అక్కడే. ప్రోహర్ మానాడు. భయపెట్టినది వైద్యుడు, కీర్తి దక్కినది పునీతునికి.

భర్త పోయాక ఇంటికప్పు కారసాగింది. వెండి తొడుగున్న పటమొకటి అమ్మజూపగా, మాస్కో వేలంశాల నుండి ఆర్సేనీ అనే నిపుణుడు వచ్చాడు. వెండిని విడిచి, నికొలాయ్ మీది మసిని దూదితో తుడిచాడు.

"అమ్మమ్మా, ఈయన పునీతుడు కాడు. సంతను చూపే పెద్ద చిత్రం కోసం ముందుగా స్టడీగా వేసిన తాగుబోతు బండివాడు. చేతిలో సీసా చూడండి."

"సీసా కాదు నాయనా, సువార్త."

"సువార్తకు బిరడా ఉంటుందా?"

ఆమె నావైపు తిరిగింది. "మాస్టారూ, మరి నేను ఇన్నాళ్లూ ఎవరికి మొక్కినట్టు?"

నేను 'ఎవరికి' అన్న సంప్రదానకారకం గురించి ఆరంభించాను.

"మీ పాఠం తరవాత. ఈయన్ని ఉంచుకోనా, అమ్మెయ్యనా?"

ఎటూ తేలకుండానే పటాన్ని ఆర్సేనీకి అప్పగించి, చివరకు నన్ను తోడు తీసుకొని మాస్కోలో వేలానికి వెళ్లింది. పాట జోరందుకొన్నది. ముందు వరుసలో ముత్యాల దండ వేసుకొన్న ఒకావిడ భర్త చెవిలో, ఊరంతటికీ వినబడేటట్లు, "మన మందు బీరువా మీద పెడితే ఎంత ముద్దుగా ఉంటాడో!" అన్నది.

ఎవ్‌లాంపియా లేచింది. "మా ప్రోహర్ చేత తాగుడు మాన్పించినవాణ్ణి మందు బీరువా మీద పెడతావా? ఇటివ్వండయ్యా నా పటం!"

ఆర్సేనీ పరుగెత్తుకొని వచ్చాడు. "అమ్మమ్మా, చెప్పాను కదా, వాడు తాగుబోతు!"

"అయితే ఏం? తాగుబోతు పెళ్లాం గోడు వాడికి కాక ఇంకెవడికి తెలుస్తుంది? నీకా?"

కళామర్మజ్ఞుడు పటాన్ని తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. సభ మర్యాదగా దగ్గింది.

తిరుగు రైలులో పటాన్ని ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. ఎదుటి సీటులోని సైనికుడు వంగి చూచి, "మీ తాతగారా అమ్మా?" అని అడిగాడు.

"కాదు బాబూ, మా ఇలవేల్పు," అన్నది ఆమె. "కాస్త తాగుతాడు."