చిన్నదొర విలాయతి గోటీ

గుర్తున్నాడా కోరుట్ల దోస్తులారా, మనతో చదివిన చిన్నదొర? నిన్న ఫేస్‌బుక్‌లో గాజు గోటీ ఫొటో పెట్టి, తాత విలాయత్ నుంచి తెచ్చిన చేతిపని అని రాసుకున్నాడు.

చేతితో చేసిన గోటీకి గాజు కడ్డీ నుంచి కోసిన చోట గరుకు మచ్చ ఉంటుంది, లోపల రంగుల మెలిక ఉంటుంది. ఇది ఉత్త ఆకుపచ్చ గాజు. మా నాయన అమ్మిన గోలీసోడా సీసాలోది. సీసా పగిలితేనే ఆ గోటీ బయటికొస్తుంది.

చిన్నప్పుడొక రోజు ఈ గోటీ కోసమే వాడు మా సోడా బండి మీది సీసాను నేలకేసి కొట్టాడు.

"ఏందిరా సూస్తున్నవ్? ఇంకోటి పలగొట్టాల్నా?" అన్నాడు మా నాయనతో.

"మీదే దొరా, తీస్కోండ్రి."

నక్సలైట్ అన్నలు ఊళ్లోకొచ్చిన యేడు ఆ దొర కుటుంబం గడీ వదిలి జగిత్యాలకు పారిపోయింది. గోటీని మాత్రం మరవలేదన్నమాట.

ఫొటో కింద రాశాను: "గోటీ మంచిగుంది. సీసా ఏదిరా?"

వాణ్ని 'రా' అనడం నాకిదే మొదటిసారి. మా నాయన వినకుండానే పోయాడు.