నిలబడి తేల్చేసిన పని

మా ఏజెన్సీలో పనులు చేయించే ఇంజినీరు ఆఫీసు మీద నాకు ఏళ్ళ తరబడి కోపం ఉంది. మేకలశాలకు రేకులు వేసినా, గెడ్డ మీద వంతెన కట్టినా వాళ్ళ దగ్గర జాగ్రత్తల కాగితం ఒక్కటే. అన్నిటికీ అదే కాగితం అయ్యేసరికి ఎవరూ చదవరు. వేలిముద్ర వేసి పనిలోకి దిగుతారు. ఆ ఆఫీసులో మా ఇంజినీరమ్మ ఒక్కతే అన్నిటినీ ఒకే గాట కట్టలేదు. ఆ ఇంజినీరమ్మే మొన్న మంగళవారం ఘాట్ రోడ్డు మలుపులో గట్టు విరిగి మీద పడి చనిపోయింది. కబురు తెచ్చిన జీపు డ్రైవర్ని నేను నమ్మలేదు. "తాగొచ్చావేట్రా?" అని తిట్టాను. వాడి తల నిండా ఎర్రమట్టి ఉంది. అది చూశాక నమ్మక తప్పలేదు.

ఆమె మా కొండల మనిషే, వరసకు నన్ను తాతా అనేది. మిషను బడిలో చదువుకుని, ఆ ఆఫీసులోనే ఉద్యోగం చేసి, కిందటేడు రిటైరైంది. ఏ పనికొచ్చినా ముందు ఒకటే అడిగేది. "ఇది నిలబడి మాటాడుకునే పనా, కూకుని మాటాడుకునేదా, వండుకు తిని మాటాడుకునేదా?" ఎంత ఖర్చు, ఎన్నాళ్ళు పడుతుంది అన్నది ఆమెకు లెక్క కాదు. చెడితే ఎవరి మీద పడుతుంది, పడ్డాక బాగుచేసుకోగలమా, అదే చూసేది.

మేకలశాల కప్పు వేసేటప్పుడు మీటింగు పెట్టమంటావా అని అడిగాను. "మేకలకి మీటింగేటి తాతా! నిచ్చెన గట్టిగుందో లేదో సూసుకుని ఎక్కు" అని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

గెడ్డ వంతెనకు మాత్రం ఊరంతటికీ వంట పెట్టించింది. తిన్నాక ఒక్కొక్కరినీ "ఏటి సెడొచ్చు?" అని అడుగుతూ కూచుంది. నాకు విసుగొచ్చింది. నేను మేస్త్రీని, ఎన్ని గోడలు లేపానో చుట్టుపక్కల ఊళ్ళను అడగండి.

"ఓ వంతెనకి పెళ్ళి బోజనాలేటమ్మా?" అన్నాను.

"పెళ్ళికొచ్చినోళ్ళు ఒక పూట తిని పోతారు తాతా. దీని మీద రోజూ నడుత్తారు" అంది.

వానలకు గెడ్డలో దుంగలు కొట్టుకొస్తాయన్న మాట ఆ భోజనాల దగ్గరే బయటికొచ్చింది. వంతెన ఇంకాస్త ఎత్తు లేపాం.

పునాది తవ్వినన్నాళ్ళూ ఎగువన ఒక మనిషిని డప్పుతో కూచోబెట్టింది. నీళ్ళ రంగు మారితే కొట్టాలి, వాడికి వేరే పని చెప్పకూడదు. కుర్రాళ్ళు వాణ్ణి ఏడిపించేవాళ్ళు. "కూకున్నందుకు కూలేటి మావా! మాకూ ఇప్పించు" అని. ఆమె ఊరుకునేది కాదు. "ఆడు అటు సూత్తన్నాడనే, నువ్వు గెడ్డకి ఈపు సూపించి తవ్వుతన్నావు" అనేది.

నోరున్న మనిషి. నా గోడ వంకరగా ఉందని పదిమందిలో అంది. ఆ గోడ అప్పుడూ వంకర లేదు, ఇప్పుడూ లేదు.

మంగళవారం ఆమె కూతురింటికి జీపులో బయల్దేరింది. మలుపు వెడల్పు చెయ్యడానికి గట్టు అడుగున తవ్వుతున్నారని జీపు ఆపారు. ఆమె దిగి, పైన ఎవరున్నారని అడిగిందట.

"గంట పనమ్మా, బేగి అయిపోద్ది. పైన మనిషెందుకు?" అన్నాడట ఆఫీసు సూపర్‌వైజరు.

"గంట పనని కొండకి తెలుసేటి?" అని గట్టు దగ్గరికి వెళ్ళి కూలీలను చెయ్యి ఊపి బయటికి రమ్మందట. అంతలోనే మట్టి కదిలింది. కూలీలు రోడ్డు వైపు దూకారు. ఆమె గట్టు కిందే ఉండిపోయింది.

గంటలో అయిపోతుంది కాబట్టి చిన్న పని అనుకున్నారు! అంతే. మనిషి పోయింది.

మర్నాడే మట్టి ఎత్తేసి దారి తెరిచారు. నేను వెళ్ళి చూశాను. సగం తెగిన గట్టు అలాగే ఉంది. శుక్రవారం సంతకు లోపలా పైనా మనుషులతో మా జీపులన్నీ దాని కిందనుంచే దిగాలి. ఆఫీసు వాళ్ళను అడుగుతున్నాను. ఆ తవ్వకం చిన్న పని అని తేల్చిందెవరు? గట్టు దించుతారా, జీపులు ఆపుతారా? గురువారం సాయంత్రంలోగా మా ఊరొచ్చి అందరి ముందూ చెప్పండి. వచ్చే దారిలో ఆ మలుపు దగ్గర దిగి తలెత్తి చూడండి. గట్టు అంచున ఒక కాఫీ మొక్క, వేళ్ళు గాలిలో, ఎర్రటి పళ్ళతో రోడ్డు మీదికి వేలాడుతోంది.